లోహాన్ని వరస అడిగితే

కొత్తమనిషి గడప తొక్కితే మన పెద్దవాళ్ళు మంచినీళ్ళ గ్లాసుతో పాటు అందించే ప్రశ్న ఒకటుంది: "ఏ ఊరు నాయనా, ఎవరి తాలూకు?" ఆ గ్లాసు ఖాళీ అయ్యేలోగా ఏ మేనత్త తోడికోడలి దారినో తీసుకొచ్చి వరస కలిపేస్తారు. అప్పటినుంచి ఆ వచ్చినాయన బాబాయో బావో అయిపోతాడు. ఇవాళ మీతో చెప్పుకోవాలనుకుంటున్నది లోహాలని వరస అడిగే విద్య గురించి. నవ్వకండి. మీ వంటింటి సత్తు గిన్నెకీ, వీధి చివర ట్రాన్స్‌ఫార్మరుకీ, విమానం ఇంజనుకీ కూడా వరసలుంటాయి. అవి తేలక కొంప మీదికి తెచ్చుకున్న సందర్భాలూ ఉన్నాయి.

ముందు ఒక పాత బకెట్టు గుర్తు తెచ్చుకోండి. ప్లాస్టిక్ రాకముందు ప్రతి నూతి దగ్గరా ఉండేదే, జింకు పూత పూసిన ఇనప బకెట్టు. దాని ఒంటినిండా తళుకు తళుకుమనే మచ్చలుండేవి, ఒక్కొక్కటీ ఒక్కో వైపు మెరుస్తూ. చిన్నప్పుడు నేనవి ఎవరో చెక్కిన పువ్వులనుకునేవాణ్ణి. అవి జింకు స్ఫటికాలు. లోహమంటే నున్నటి ముద్ద అని మనకో భ్రమ గాని, నిజానికి అది కలకండ లాంటిదే. లోపలంతా పలుకులు పలుకులుగా ఉంటుంది. ఇంజనీర్లు వాటిని గ్రెయిన్లంటారు. మనకి జీడిపప్పు పలుకులుండగా ఆ మాట దేనికి? పలుకులనే అందాం. పైగా, కాసేపట్లో చూస్తారు, ఇవి నిజంగానే పలుకుతాయి.

ఒక్కో పలుకులో అణువులు సిపాయిల్లా బారులు తీరి ఉంటాయి. ఆ బారు ఎటు తిరిగిందన్నది ముఖ్యం, ఎందుకంటే పలుక్కి అన్ని దిక్కులూ ఒకటి కావు. ఒక్క ఇనుము స్ఫటికాన్ని తీసుకుని దాని ఘనం అంచు వెంట లాగితే ఒకలా సాగుతుంది, మూలనుంచి మూలకి లాగితే రెట్టింపుకన్నా ఎక్కువ మొండికేస్తుంది. మరి మనం వాడే ఇనుము అన్నివైపులా ఒకేలా ఉంటుందేం? లక్షల పలుకులు తలో దిక్కూ చూస్తుంటాయి కనక. సంతలో గోల లాగా, అందరి గొంతులూ కలిసి ఒక సగటు హోరు అవుతుంది.

చిక్కంతా ఆ గుంపు ఒకే దిక్కు చూడ్డం మొదలెట్టినప్పుడు వస్తుంది.

చపాతీ ఒత్తేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. కర్రని ఒకే వైపు తోస్తూ పోతే పిండి ఆంధ్రదేశం పటంలా సాగుతుంది. అందుకే చపాతీని తిప్పుతూ ఒత్తుతారు. రోలింగ్ మిల్లులో ఆ సౌకర్యం లేదు. కిలోమీటర్ల పొడుగు రేకు ఒకే దిక్కున రోలర్ల మధ్య నలిగి పోవాల్సిందే. ఆ నలుగుడులో పలుకుల్లోని అణువుల పొరలు పేకముక్కల్లా ఒకదానిమీద ఒకటి జారతాయి, జారుతూ జారుతూ పలుకు మొత్తంగా పక్కకి తిరుగుతుంది. చివరికి చాలా పలుకులు ఒకే తీరున సర్దుకుంటాయి. ఈ సర్దుబాటునే ఇంగ్లీషులో టెక్స్చర్ అంటారు. దీనికి తెలుగు కోసం నిఘంటువులో వెతికితే "అల్లిక", "పోత" లాంటివి తగిలాయి గాని ఏదీ అతకలేదు. నాకు "వరస" బాగుందనిపించింది. ఎవరెవరు ఎటు తిరిగి కూర్చున్నారో, ఎవరికి ఎవరు ఏమవుతారో రెండూ ఆ మాటలో ఉన్నాయి.

వరస వల్ల వచ్చే తంటా చూడాలంటే దర్జీ కొట్టుకి వెళ్ళాలి. జాకెట్టు గుడ్డని నిలువుగా లాగండి, సాగదు. అడ్డంగా లాగండి, సాగదు. మూలగా లాగితే మాత్రం హాయిగా సాగుతుంది. అందుకే ఒంటికి పట్టినట్టుండాలంటే "క్రాస్ కటింగ్ వెయ్యమ్మా" అని చెప్పి కుట్టించుకుంటారు ఆడవాళ్ళు. పోగుల వరస తెలిసిన దర్జీ దాన్ని వాడుకుంటాడు, తెలియనివాడు గుడ్డ పాడుచేస్తాడు. లోహపు రేకూ అంతే. గుండ్రటి బిళ్ళ కోసి ప్రెస్సులో నొక్కి గిన్నెలా లోతు తీస్తే అంచు సమంగా రాదు. ఒకచోట పైకి లేచి, ఒకచోట కిందికి జారి, తామరాకు చుట్టినట్టు వంకరలు పోతుంది. ఆ లేచిన మూపుల్ని ఆ వృత్తిలో వాళ్ళు ముచ్చటగా చెవులంటారు. మామూలుగా నాలుగు చెవులొస్తాయి. అల్యూమినియం రేకులో అవి రోలింగ్ దిక్కుకి సరిగ్గా 45 డిగ్రీల్లో లేస్తే ఒక వరస, నిలువూ అడ్డంలో లేస్తే ఇంకో వరస. ఎలా వచ్చినా కత్తిరించి పారెయ్యాల్సిందే. కూల్‌డ్రింకు డబ్బాల తయారీలో ఆ కత్తిరింపు ముక్కలే పెద్ద లెక్క.

వరస ఎప్పుడూ పీడే అనుకోకండి. 1934లో నార్మన్ గాస్ అనే అమెరికన్ సిలికాన్ కలిపిన ఉక్కు రేకులో పలుకులన్నిటినీ, అయస్కాంతం సులువుగా ఎక్కే అంచు రోలింగ్ దిక్కున ఉండేలా తిప్పగలిగి పేటెంటు తీసుకున్నాడు. ఇవాళ్టికీ పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల గుండెలో ఉండేది ఆ వరస రేకే. అంటే వరస ఉండాలా వద్దా అన్నది పనిని బట్టి. ఏముందో తెలియడం మాత్రం అన్ని పనులకీ కావాలి.

తెలుసుకోవడానికి రాజమార్గం ఎక్స్-కిరణాలు. అణువుల బారులమీద పడి అవి ఏ కోణాన చెదిరిపోయాయో చూస్తే పలుకు ఎటు తిరిగిందో తెలుస్తుంది. మహా కచ్చితమైన పద్ధతి, కాని చర్మం దాటి లోపలికి పోదు. ఉక్కులో ఎక్స్-కిరణం చూపు సాధారణంగా మిల్లీమీటరులో కొన్ని వందోవంతుల లోతు దాకానే. రేకు పైపొర ఒక వరసా కడుపు మధ్య ఇంకో వరసా ఉండడం రోలింగులో మామూలే, కనక ముక్క కోసి, పొర పొరా గీకి చూడాలి. న్యూట్రాన్లయితే సెంటీమీటర్ల లోతుకి పోతాయి, కాని వాటికోసం బొంబాయి ట్రాంబేలోని ధ్రువ లాంటి రియాక్టరు గుమ్మం ముందు నిలబడాలి. ఫ్యాక్టరీలో పరుగెత్తే రేకుని ఆపి, "ఒక్క నిమిషం ఉండమ్మా, బొంబాయి తీసుకెళ్ళి చూపించుకొస్తాం" అనలేం కదా.

అందుకే చూడ్డం మాని వినడం మొదలెట్టారు.

మనం వినగలిగేది సెకనుకి 20,000 కంపనాల లోపు. ఇక్కడ వాడే అతిధ్వని కొన్ని పదుల లక్షల కంపనాలది, కడుపులో బిడ్డని చూసే స్కానింగు బాపతే. శబ్దం ఒక పదార్థంలో ఎంత వేగంగా పోతుందన్నది ఆ పదార్థం ఎంత బిగువుగా ఉందన్న దానిమీద ఆధారపడుతుంది. ఇందాక చెప్పినట్టు, పలుక్కి ఒక్కో దిక్కున ఒక్కో బిగువు. ఇనుము స్ఫటికం అంచు వెంట శబ్దం సెకనుకి 5,400 మీటర్లు పోతే, మూలనుంచి మూలకి 6,400 మీటర్లు పోతుంది. పలుకులన్నీ తలో దిక్కూ ఉంటే సగటున 5,900 వస్తుంది. సగటు నుంచి కాస్త అటో ఇటో జరిగిందంటే గుంపు ఏదో వైపు మొగ్గిందన్న మాట. ఎంత జరిగిందో కొలిస్తే ఎంత మొగ్గిందో తెలుస్తుంది. సూత్రం ఇంతే.

సూత్రం ఎప్పుడూ ఇంతే. పనిలో దిగితే గాని తడాఖా తెలియదు. సెంటీమీటరు మందం ఉక్కు పలకలో శబ్దం పోయి, అవతలి గోడకి కొట్టుకుని వెనక్కి రావడానికి పట్టే కాలం సెకనులో పదిలక్షో వంతులు మూడున్నర లోపే. అందులో వరస తెచ్చే తేడా నూటికి ఒకటి ఉంటే గొప్ప. ఆ కాలాన్నైతే ఎలక్ట్రానిక్సు అవలీలగా కొలుస్తుంది. కాని వేగం కావాలంటే దూరం తెలియాలి కదా? పలక మందంలో మిల్లీమీటరులో పదోవంతు తేడా ఉన్నా, మీరు కొలిచిన నూటికి ఒకటి వరసదో మందానిదో ఆ దేవుడికే ఎరుక.

దీనికి కనిపెట్టిన ఉపాయం నాకెంతో ఇష్టం. శబ్దం రెండు రకాలుగా పోతుంది. ఒకటి ముందుకీ వెనక్కీ తోసుకుంటూ పోయేది, గాల్లో మన మాటలాగా. రెండోది పక్కలకి ఊగుతూ పోయేది, తాడు ఒక కొస పట్టుకుని ఊపినట్టు. దీన్నే స్కూల్లో తిర్యక్ తరంగం అని చెప్పారు. ఈ రెండోదాన్ని ఘన పదార్థాల్లో మనకి కావలసిన పక్కకి ఊపవచ్చు. కాబట్టి పలకలో ఒకే చోట, ఒకే దారిన, మొదట రోలింగ్ దిక్కున ఊగే తరంగాన్నీ, ఆపైన దానికి అడ్డంగా ఊగేదాన్నీ పంపిస్తారు. దారి ఒకటే కనక మందం ఎంతైతేనేం, రెంటికీ ఒకటే! రెండు కాలాల నిష్పత్తి తీసుకుంటే మందం గొడవ రద్దయిపోతుంది. మిగిలేది శుద్ధమైన వరస. మందం తెలియకుండా వేగాల తేడా చెప్పడమంటే, రోడ్డు పొడుగు తెలియకుండానే రెండు ఎడ్లబళ్ళలో ఏది ఎన్నోవంతు ముందుందో చెప్పడం లాంటిది.

కాని పక్కలకి ఊగే తరంగం నీళ్ళలోంచి పోదు, పల్చటి నూనెలోంచీ సరిగ్గా పోదు. పరికరం కొసకీ లోహానికీ మధ్య చిక్కటి, జిగట పదార్థం ఏదైనా ఉండాలి. వెనకటినుంచి ప్రయోగశాలల్లో దానికి వాడే సరుకు ఏమిటో తెలుసా? తేనె. నిజం, తినే తేనే. నేను కుర్రవాణ్ణిగా ఒక ల్యాబులో శిక్షణకి ఉన్నప్పుడు సీసా బీరువాలో రసాయనాల పక్కన ఉండేది, "తినరాదు" అని చీటీ అంటించి. ఒక సాయంత్రం పలకమీద పరికరం అలాగే వదిలేసి ఇంటికెళ్ళాను. మర్నాడు ఉదయం వచ్చేసరికి తలుపు కిందనుంచి బల్ల మీదిదాకా చీమల బారు, ఎంత వరసగా ఉందో చెప్పలేను. మా పెద్దాయన దాన్ని చూసి, "నువ్వు కొలవాల్సిన టెక్స్చర్ అదిగో" అన్నారు. ఆ వారమంతా నన్ను చీమల శాస్త్రవేత్త అనే పిలిచారు.

తేనె పూసుకుంటూ కూర్చుంటే ఫ్యాక్టరీ నడవదు. దానికి ఇంకో పరికరం ఉంది, ఇంజనీర్లు ఈమాట్ అంటారు. తీగచుట్టా, అయస్కాంతమూ. తీగలో మెరుపులాంటి విద్యుత్తు పోనిస్తే కింద లోహంలోనే చిన్న ప్రవాహాలు పుడతాయి. అయస్కాంతం వాటిని పక్కకి నెడుతుంది. ఆ నెట్టుడే శబ్దం. అంటే శబ్దాన్ని బయట పుట్టించి లోపలికి ఎక్కించడం కాదు, లోహం చేతే అనిపించడం. అంటించాల్సిన పని లేదు, తాకాల్సిన పని కూడా లేదు. పరుగెత్తే రేకు మీద మూడు దిక్కుల్లో, నిలువూ అడ్డమూ మూలా, శబ్ద వేగాలు కొలిచి, ఈ రేకు గిన్నె అయితే చెవులు ఎక్కడ లేస్తాయో ముందే చెప్పవచ్చు. అమెరికాలో ఏమ్స్ ప్రయోగశాలకి చెందిన బ్రూస్ థాంప్సన్ లాంటివాళ్ళు దీనిమీద ఏళ్ళ తరబడి కృషి చేశారు. చెవిని పెట్టి చెవుల్ని కనిపెట్టడం అన్నమాట.

ఇక్కడొక నిజం ఒప్పుకోవాలి. శబ్దానికి వరస అంతా వినపడదు. 1965లో జర్మనీనుంచి బుంగె, అమెరికానుంచి రో, ఒకరికొకరు సంబంధం లేకుండా, పలుకుల వరసని గణితంగా రాసే పద్ధతి ఇచ్చారు. పాటని మూల స్వరమూ దానిపై స్వరాలుగా విడదీసినట్టు, వరసని మొరటు ఆకారాల నుంచి సన్నటి ఆకారాల దాకా మెట్లుమెట్లుగా విడదీస్తారు. ఎక్స్-కిరణాలకి చాలా మెట్లు కనిపిస్తాయి. లోహం బిగువుకి మాత్రం నాలుగో మెట్టు దాటి తేడా తెలియదు, కాబట్టి శబ్దానికీ తెలియదు. 1982లో సేయర్స్ రాసిన లెక్కల ప్రకారం ఉక్కు, అల్యూమినియం లాంటి ఘనాకార స్ఫటికాల రేకులో శబ్దం చెప్పగలిగేవి మూడే మూడు అంకెలు. ముగ్గులో చుక్కలు పెట్టి నాలుగు పెద్ద గీతలు లాగి ఆపేసినట్టు. లోపలి తీగలూ పువ్వులూ ఉండవు.

మరి ఇంత మొద్దు చెవి దేనికని మీరడగొచ్చు. గిన్నెకి లేచేవి మామూలుగా నాలుగు చెవులన్నాను గుర్తుందా? ఆ నాలుగు చెవులూ నాలుగో మెట్టులోనే ఉంటాయి. శబ్దానికి వినపడే ఆఖరి మెట్టులోనే తయారీదారుకి కావలసిన కబురుంది. అరుదుగా కొన్ని రేకులకి ఆరు చెవులు లేస్తాయి. అది ఆరో మెట్టు వ్యవహారం, అక్కడ మన శబ్దం చెవిటిదే. టంగ్‌స్టన్ విషయంలో మరీ కష్టం, దాని స్ఫటికం అన్ని దిక్కుల్లోనూ దాదాపు ఒకే బిగువుతో ఉంటుంది. ఎటు తిరిగి కూర్చున్నా ఒకటే పలుకు పలుకుతుంది, వరస అడిగితే తెల్లమొహం వేస్తుంది. అల్యూమినియం మధ్యరకం, అంచుకీ మూలకీ వేగంలో నూటికి మూడే తేడా. ఇది చాలదన్నట్టు లోహంలో బిగిసిన ఒత్తిడి కూడా శబ్ద వేగాన్ని కాస్త మారుస్తుంది. రైలు పట్టాల్లో ఒత్తిడి కొలవబోయినవాళ్ళకి వరస అడ్డం పడుతుంది, వరస కొలవబోయినవాళ్ళకి ఒత్తిడి. ఎవరికి కావలసింది వారికి సంకేతం, అవతలివారిది గోల.

ఇప్పుడు మన ఊరి సంగతి. హైదరాబాదులో 1971 నుంచీ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉంది. అణు రియాక్టర్లలో ఇంధనాన్ని మూసిపెట్టే సన్నటి గొట్టాలూ, ఆ ఇంధనం కూర్చునే పెద్ద ఒత్తిడి గొట్టాలూ అక్కడ జిర్కోనియం మిశ్రమాలతో తయారవుతాయి. మన 220 మెగావాట్ల రియాక్టరు ఒక్కోదానిలో 306 ఒత్తిడి గొట్టాలుంటాయి. జిర్కోనియం పలుకు ఆరు పలకల స్తంభం లాంటిది, దానికో నిలువు అక్షం. ఆ అక్షం వెంట శబ్దం సెకనుకి సుమారు 5,000 మీటర్లు, అడ్డంగా 4,700. నూటికి ఆరేడు తేడా, అల్యూమినియంతో పోలిస్తే గట్టిగా అరిచి చెప్పినట్టే.

ఈ అక్షాలు గొట్టంలో ఎటు చూస్తున్నాయన్నది ప్రాణం మీది మాట. రియాక్టరులో జిర్కోనియం కొంచెం కొంచెంగా హైడ్రోజన్ పీల్చుకుంటుంది. అది లోపల పెళుసు రేకుల్లా పేరుకుంటుంది. ఆ రేకులు గొట్టం చుట్టూ ఉల్లిపొరల్లా పడితే ఫరవాలేదు, చక్రం ఆకుల్లా లోపలనుంచి బయటికి పడితే గొట్టం చీలడానికి దారి వేసినట్టే. ఏ తీరున పడతాయన్నది చాలావరకు పలుకుల వరసే తేలుస్తుంది. అందుకని ఇంధన గొట్టాలని సాగదీసేటప్పుడు చుట్టుకొలత కన్నా గోడ మందం ఎక్కువ తగ్గేలా చూస్తారు, అక్షాలు గోడకి అడ్డంగా నిలబడేలా. ఇంకో చిత్రం, న్యూట్రాన్ల దెబ్బలకి జిర్కోనియం పలుకు అక్షం వెంట కుదించుకుపోయి అడ్డంగా పెరుగుతుంది. ఒత్తిడి గొట్టాల్లో పొడుగు దిక్కున చూసే అక్షాలు బహు తక్కువ. కాబట్టి ఆ గొట్టాలు ఏళ్ళు గడిచేకొద్దీ పొడుగవుతాయి.

జిర్కోనియం వాళ్ళు ఈ వరసని మూడు అంకెల్లో చెప్పుకుంటారు, కెర్న్స్ అంకెలని పేరు. అక్షాల్లో ఎంత వంతు గోడకి అడ్డంగా, ఎంత చుట్టూ, ఎంత పొడుగునా చూస్తోందన్నది. మూడూ కలిపితే ఎప్పుడూ ఒకటే, రూపాయిని ముగ్గురు అన్నదమ్ములు పంచుకున్నట్టు. ఎవరి పక్షపాతమూ లేకపోతే తలా మూడో వంతు. నాకు ఆనందం కలిగించే సంగతి ఏమంటే, ఈ మూడు అంకెలూ ఉండేది రెండో మెట్టులో. నాలుగు మెట్లు వినగల శబ్దానికి రెండో మెట్టు చేతికందే దూరం. గొట్టాల్లో పగుళ్ళున్నాయేమోనని ఎలాగూ అతిధ్వనితో తడిమి చూస్తారు. అదే ధ్వనిని ఇంకొంచెం ఓపిగ్గా వింటే వరసా చెబుతుంది.

పగులు వెతకడం వేరు, వరస వినడం వేరు అని గట్టిగా తెలియజెప్పిన ఉదంతం ఒకటుంది. 2017 సెప్టెంబరు 30న పారిస్ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 66వ నంబరు విమానం, అయిదువందల మందికి పైగా ఉన్న ఏ380, గ్రీన్‌లాండ్ మంచుమీద ఎగురుతుండగా కుడిచివరి ఇంజను ముందుభాగం ఊడి పడిపోయింది. విమానం కెనడాలోని గూస్ బేలో క్షేమంగా దిగింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఊడిన టైటానియం ముక్క కోసం మంచులో వెతగ్గా వెతగ్గా 2019లో గాని దొరకలేదు. విరిగినచోటు చూస్తే మచ్చ లేదు, మలినం లేదు. ఉన్నదల్లా, ఒకే దిక్కుకి తిరిగిన పలుకులు గుంపుగా చేరిన ఒక పేట. ఊరంతా కలగాపులగంగా ఉండగా ఆ ఒక్కచోట ఒకే వరసవాళ్ళంతా ఇళ్ళు కట్టుకున్నట్టు. అక్కడ మొదలైన బీట మెల్లమెల్లగా పెరిగింది. ఫ్రాన్సు దర్యాప్తు సంస్థ బీఈఏ తన నివేదికలో చేర్చిన కారణాల్లో, ముక్క కొయ్యకుండా అలాంటి పేటల్ని కనిపెట్టే సాధనం లేకపోవడమూ ఒకటి.

ఆ సాధనం కోసం ఇప్పుడు పని జరుగుతోంది. లండన్ ఇంపీరియల్ కాలేజీలో బో లాన్, మైకేల్ లో, ఫియాన్ డన్ బృందం లోహపు ముక్కని నీళ్ళలో ముంచి, ఎన్నో కోణాలనుంచి శబ్దం పంపి, ఆ వేగాలనుంచి తిరగలెక్క కట్టి వరస రాబట్టింది. న్యూట్రాన్లతో చూసిన వరసతో పోల్చి సరిచూసుకున్నారు కూడా. నాటింగ్‌హామ్‌లో మరికొందరు లేజరుతో లోహం పైపొరమీద అలలు పుట్టించి, ఒక్కో పలుకునీ విడిగా పలికిస్తున్నారు. ఇది పైపొర విద్య, అది కడుపులో విద్య. విమానాల తయారీదారులకి రెండూ కావాలి.

రాత్రి పొద్దుపోయింది, ఇంక లేస్తాను. వెళ్ళేముందు ఒక్క సాయం అడగాలి. "వరస" అన్న మాట నేను వాడేశాను గాని, మనసుకి పూర్తిగా పట్టలేదు. కర్రలో పోచ ఎటు పోతోందో వేలితో తడిమి చెప్పే వడ్రంగులూ, గుడ్డని మూలకి తిప్పి కత్తెర వేసే దర్జీలూ, రాయి ఎటు చీలుతుందో సుత్తి దెబ్బతో పోల్చుకునే రాతిపనివాళ్ళూ మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. ఆ గుణానికి వాళ్ళ నోట ఏదో మాట ఉండే ఉంటుంది. మీ ఇంటి చుట్టుపక్కల ఎవరైనా ఉంటే అడిగి, ఆ మాట ఒక కార్డు ముక్కమీద రాసి పంపండి.